రష్యాలో ఇంగ్లీషు టీచర్‌గా చేరాలంటే: వర్క్ వీసా ఎలా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

రష్యాలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం గురించి నన్ను అడిగేవాళ్లలో చాలామంది ముందు ఏజెంటు ఊసు ఎత్తుతారు. "ఒకాయన రెండు నెలల్లో పంపిస్తానంటున్నాడు, నమ్మొచ్చా?" అంటారు. రష్యా వర్క్ వీసా అలా వచ్చేది కాదు. మీకు ఉద్యోగం ఇచ్చే స్కూలో, యూనివర్సిటీయో అక్కడి హోం శాఖకు (అందరూ ఎంవీడీ అంటారు) దరఖాస్తు పెట్టి, మీ పేరున ఇన్విటేషన్ తెప్పించాలి. అది చేతికొచ్చాకే మన వైపు వీసా పని మొదలవుతుంది. కాబట్టి మీ వంతు పనులు రెండు. పిలిచేవాళ్లు నిజమైనవాళ్లో కాదో తేల్చుకోవడం ఒకటి, మీ కాగితాలన్నిటిలో మీ పేరు ఒకేలా ఉండేట్టు చూసుకోవడం రెండోది. నేను వోల్గా ఒడ్డున ఒక నగరంలో రెండేళ్లు పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. ఈ రెండో దాంట్లో పొరపాటు జరిగి నెల రోజులకు పైగా పోగొట్టుకున్నాను. ఆ సంగతి కింద చెబుతాను.

ముందు, పనికిరాని వీసాలు

2023 ఆగస్టు 1 నుంచి భారతీయులకు రష్యా ఈ-వీసా దొరుకుతోంది. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, కొద్ది రోజుల్లో వచ్చేస్తుంది. కానీ అది చుట్టపుచూపుకు, టూరుకు, బిజినెస్ మీటింగులకు, సదస్సులకు మాత్రమే. దాని మీద వెళ్లి క్లాసు చెబితే అది చట్టవిరుద్ధమైన పనే. టూరిస్టు వీసా సంగతీ అంతే. "ముందు టూరిస్టు వీసా మీద రండి, వచ్చాక వర్క్ వీసాగా మార్చేస్తాం" అని ఎవరైనా అంటే ఆ మాట అక్కడితో ఆపేయండి. వర్క్ వీసాను దేశం బయట ఉండి తీసుకోవాలి. అనుమతి లేకుండా పనిచేస్తూ పట్టుబడితే జరిమానా పడుతుంది. మాస్కో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లలో అయితే జరిమానాతో పాటు దేశం నుంచి పంపించేయడం కూడా తప్పదు. అలా పంపించేసిన మనిషికి మళ్లీ కొన్నేళ్లపాటు ఆ దేశపు తలుపు తెరుచుకోదు.

అక్కడే చదువుకుంటున్న మన పిల్లలకు ఒక మాట. గుర్తింపు ఉన్న విద్యాసంస్థలో ఫుల్‌టైమ్ చదివే విదేశీ విద్యార్థులు చదువుకు అడ్డం రాని వేళల్లో విడిగా వర్క్ పర్మిట్ లేకుండా పనిచేయవచ్చని 2020లో చట్టం మార్చారు. మెడిసిన్ చదువుతూ సాయంత్రాలు ఇంగ్లీషు సెంటర్‌లో చెప్పాలనుకునేవాళ్లకు ఇది పనికొస్తుంది. రాతపూర్వకమైన కాంట్రాక్టు మాత్రం ఉండాల్సిందే.

పిలిచేవాళ్లను పరీక్షించడం

ఉన్నమాట ముందే చెబుతాను. రష్యన్ ప్రకటనల్లో "నసీతెల్ యజికా" అన్న మాట తరచుగా కనిపిస్తుంది. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లు కావాలని దాని అర్థం. మనవాళ్లకు అది అడ్డంకే, కానీ దాటలేనిది కాదు. ఇంగ్లీషు మీడియం కిండర్‌గార్టెన్లు, ప్రైవేటు స్కూళ్లు, లెక్కలో సైన్సో ఇంగ్లీషులో చెప్పే స్కూళ్లు, విదేశీ విద్యార్థులు ఎక్కువగా ఉన్న యూనివర్సిటీలు అనుభవం ఉన్న మన టీచర్లను తీసుకుంటాయి. ఇంగ్లీషులో ఎంఏ, బీఈడీ ఉంటే బలం. దానికి తోడు 120 గంటల టెఫెల్ సర్టిఫికెటో, సెల్టానో (రెండూ ఇంగ్లీషు బోధనలో శిక్షణ పొందినట్టు ఇచ్చే సర్టిఫికెట్లు) ఉంటే ఇంటర్వ్యూ దాకా వెళ్లడం తేలికవుతుంది. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) రూపంలో ఒక పెద్ద అదృష్టం ఉంది. ఇంగ్లీషు బోధనలో శిక్షణ, రష్యన్ భాష, రెండూ ఒకే ఆవరణలో దొరికే చోట్లు దేశంలో ఎక్కువ లేవు. వెళ్లే ముందు ఆరు నెలలు రష్యన్ నేర్చుకోండి. అక్షరాలు చదవడం, అంకెలు, దుకాణంలో మాట్లాడే నాలుగు ముక్కలు వచ్చినా మొదటి నెల టెన్షన్ సగం తగ్గుతుంది.

అక్కడ స్కూళ్లు సెప్టెంబర్ 1న తెరుస్తారు. ఆ రోజు పిల్లలు పూలగుత్తులతో వస్తారు. ఆ తేదీకి చేరాలంటే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఉద్యోగం వేట మొదలుపెట్టాలి. జూన్‌లో మొదలుపెట్టినవాళ్లు కాగితాలు పూర్తిచేసుకునేసరికి చలికాలం వచ్చేస్తుంది.

ఎవరైనా ఆఫర్ ఇచ్చాక, సంతోషంతో అందరికీ ఫోన్లు చేసే ముందు ఈ పని చేయండి. సంస్థ పూర్తి రష్యన్ పేరు, ఐఎన్ఎన్ (పన్ను) నంబరు, ఓజీఆర్ఎన్ (రిజిస్ట్రేషన్) నంబరు అడగండి. సంస్థ ఐఎన్ఎన్‌లో 10 అంకెలు, ఓజీఆర్ఎన్‌లో 13 అంకెలు ఉంటాయి. రష్యా పన్నుల శాఖ వెబ్‌సైట్‌లో కంపెనీల రిజిస్టర్ ఉచితంగా చూడొచ్చు. నంబరు కొడితే సంస్థ ఎప్పుడు పెట్టారు, చిరునామా ఏది, డైరెక్టరు ఎవరు, ఏం వ్యాపారం అన్నీ వస్తాయి. ఇంగ్లీషు స్కూలు అని చెప్పినవాళ్లు అందులో నిర్మాణ పనుల కంపెనీగానో, సెక్యూరిటీ సంస్థగానో కనిపిస్తే అక్కడితో మాటలు చాలించండి. విద్యా లైసెన్సుల రిజిస్టర్ కూడా ఇలాగే బహిరంగంగా ఉంటుంది. నిజమైన స్కూలు ఈ నంబర్లు అడిగితే నొచ్చుకోదు, అదే రోజు పంపిస్తుంది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. హెల్పరు ఉద్యోగమనీ, సెక్యూరిటీ ఉద్యోగమనీ, చదువనీ నమ్మించి మన దేశపు యువకులను రష్యాకు తీసుకెళ్లి యుద్ధంలోకి దింపిన ముఠాల మీద 2024 మార్చిలో సీబీఐ కేసు పెట్టి ఏడు నగరాల్లో సోదాలు చేసింది. అలా మోసపోయినవాళ్లలో తెలంగాణ వాళ్లూ ఉన్నారు. హైదరాబాద్ యువకుడొకరు అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు. కాబట్టి మీకు అర్థం కాని రష్యన్ కాగితం మీద ఎవరు తొందరపెట్టినా, ఎంత పెద్దమనిషి చెప్పినా సంతకం పెట్టకండి. "మినిస్తేర్‌స్త్వో ఒబొరోనీ" అంటే రక్షణ మంత్రిత్వ శాఖ. ఈ రెండు మాటలు రష్యన్ అక్షరాల్లో ఎలా ఉంటాయో బయల్దేరే ముందే చూసి గుర్తుపెట్టుకోండి. టీచరు ఉద్యోగం కాంట్రాక్టులో ఆ మాటలు ఉండాల్సిన పనే లేదు.

ఏజెంటు ద్వారా వెళ్లక తప్పదనుకుంటే, మన విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆయన లైసెన్సు నంబరు ఉందో లేదో చూడండి. లైసెన్సు ఉన్న ఏజెంటు మీ దగ్గర సర్వీసు చార్జీగా గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి, రసీదు కూడా ఇవ్వాలి. మూడు లక్షలు, నాలుగు లక్షలు అడిగితే అది ఉద్యోగం కాదు.

కాంట్రాక్టులో ఏం చూడాలి

రెండు భాషల్లో ఉన్న కాంట్రాక్టు అడగండి. వారానికి ఎన్ని గంటలు, జీతం రూబుళ్లలో ఎంత, పన్నుకు ముందా తర్వాతా, ఉండే చోటు ఎవరు చూపిస్తారు, రిజిస్ట్రేషన్ ఎవరు చేయిస్తారు, మెడికల్ పరీక్షలకు ఎవరు కడతారు, తిరుగు టికెట్ ఎవరిది అన్నవి రాసి ఉండాలి. రష్యన్ ప్రతి ఒక్కటే ఇస్తే రష్యన్ వచ్చినవాళ్లతో చదివించుకోండి. పన్ను గురించి ముందే తెలిస్తే మొదటి జీతం చూసి కంగారుపడరు. 12 నెలల్లో 183 రోజులు అక్కడ ఉండేదాకా మీరు నాన్ రెసిడెంట్, జీతంలో 30 శాతం పన్ను కింద పోతుంది. ఆ తర్వాత మామూలు టీచరు జీతానికి 13 శాతమే.

ఇక్కడ మీరు సిద్ధం చేసుకోవాల్సిన కాగితాలు

మొదట పాస్‌పోర్టు తెరిచి మీ పేరు చూడండి. మన తెలుగువాళ్ల చిక్కంతా ఇక్కడే ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం ఇనీషియల్‌గా ఉంటుంది, డిగ్రీలో పేరు ముందు రెండు ఇనీషియల్స్ ఉంటాయి, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా సర్‌నేమ్ గడిలో ఉంటుంది. కొందరికి ఆ గడి ఖాళీగా ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటుంది. శ్రీనివాస్‌లో ఒకచోట "ఈ" అక్షరాలు రెండు, ఇంకోచోట "ఐ" ఒకటి. మనకు ఇది రోజూ చూసే సంగతే. రష్యన్ ఆఫీసులో కూర్చున్న మనిషికి మాత్రం ఇవి ఇద్దరు మనుషుల పేర్లు.

నా విషయంలో జరిగింది ఇదే. స్కూలు ఆఫీసులో నా పేరును పాస్‌పోర్టు నుంచి కాక డిగ్రీ నుంచి ఎక్కించారు. ఇన్విటేషన్‌లో ఇంటిపేరు ఉండాల్సిన చోట ఒక్క ఇనీషియల్ పడింది. నేనూ సంతోషంలో సరిగ్గా చూడలేదు. వీసాకు ఇచ్చినప్పుడు అది వెనక్కి వచ్చింది. ఇన్విటేషన్‌లో దిద్దుబాటు ఉండదు, మళ్లీ మొదటి నుంచి కొత్తది తెప్పించాల్సిందే. సెప్టెంబర్ 1కి పూలతో రావాల్సిన నా క్లాసు పిల్లలను అక్టోబర్‌లో చూశాను. మీరు మాత్రం ఉద్యోగం ఖాయమైన రోజే పాస్‌పోర్టు స్కాన్ పంపి, "అన్ని కాగితాల్లోనూ ఇందులో ఉన్నట్టే రాయండి" అని ఈమెయిల్‌లో రాతపూర్వకంగా అడగండి. డిగ్రీలో పేరు వేరుగా ఉంటే రెండూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించి దగ్గర పెట్టుకోండి.

ఇంకొకటి ఉంది. రష్యన్‌లో మన "హ" లేదు. హర్ష అన్న పేరును ఒకరు "ఖర్షా" అని రాస్తారు, ఇంకొకరు "గర్షా" అని రాస్తారు. ఇన్విటేషన్‌లో, వీసాలో రష్యన్ అక్షరాల్లో మీ పేరు ఎలా పడిందో, ఆ తర్వాత చేయించే పాస్‌పోర్టు అనువాదంలోనూ అచ్చం అలాగే ఉండాలి. లేకపోతే బ్యాంకులో, మెడికల్ సెంటర్‌లో ప్రతిచోటా వెనక్కి పంపుతారు. అందుకే నోటరీ అనువాదం అక్కడికి వెళ్లాక, వీసా చేతిలో పెట్టుకుని చేయించుకోవడం మేలు.

ఇక డిగ్రీ. ప్రొవిజనల్ సరిపోదు, ఒరిజినల్ డిగ్రీ కావాలి. కాన్వొకేషన్‌కు డబ్బు కట్టకుండా వదిలేసినవాళ్లు ముందు ఆ పని చూసుకోండి, యూనివర్సిటీ నుంచి రావడానికే నెలలు పట్టొచ్చు. దాని మీద అపోస్టిల్ (విదేశాల్లో చెల్లడానికి మన విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ ముద్ర) వేయించాలి. భారత్, రష్యా రెండూ హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి ఎంబసీ ముద్రలు అక్కర్లేదు. ముందు రాష్ట్ర స్థాయిలో ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్. దీనికోసం ఢిల్లీ వెళ్లక్కర్లేదు, 2019 నుంచి హైదరాబాద్‌లోని విదేశాంగ శాఖ బ్రాంచి సచివాలయం నుంచే చేస్తున్నారు. కాగితాలు వాళ్లు నియమించిన ఏజెన్సీల ద్వారా ఇవ్వాలి. కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, బీఈడీ కూడా కలిపి ఒకేసారి చేయించండి.

పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ తప్పనిసరి అనుకోండి. నేర చరిత్ర ఉన్నవాళ్లను పిల్లలకు చదువు చెప్పనివ్వకూడదని రష్యా కార్మిక చట్టం చెబుతుంది, అందుకే మంచి స్కూళ్లన్నీ ఇది అడుగుతాయి. పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో అప్లై చేసి, వచ్చాక దానికీ అపోస్టిల్ వేయించండి. మరీ ముందుగా తీసుకుంటే పాతబడిపోయిందంటారు, ఉద్యోగం ఖాయమయ్యాక తీసుకోండి.

హెచ్‌ఐవీ పరీక్ష సర్టిఫికెట్ చిన్న పనిలా కనిపిస్తుంది గానీ చాలామందిని వెనక్కి తిప్పేది ఇదే. మన ల్యాబులు ఇచ్చే మామూలు రిపోర్టులో పేరు, వయసు, ఫలితం తప్ప ఏమీ ఉండవు. రష్యా వాళ్లకు కావాల్సిన సర్టిఫికెట్‌లో పూర్తి పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, అక్కడ ఎంతకాలం ఉంటారో, పరీక్ష తేదీ, ఫలితం, డాక్టరు సంతకం, ముద్ర అన్నీ ఉండాలి. పరీక్ష చేయించుకున్న రోజు నుంచి మూడు నెలలే చెల్లుతుంది. కాబట్టి ఇన్విటేషన్ వచ్చేదాకా ఆగి, ఏమేమి ఉండాలో కాగితం మీద రాసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

అక్కడ స్కూలు చేసే పని

ఇది మీ చేతుల్లో లేకపోయినా ఏ దారిలో పిలుస్తున్నారో అడిగి తెలుసుకోండి. గుర్తింపు పొందిన యూనివర్సిటీ బోధన కోసం పిలిస్తే విడిగా వర్క్ పర్మిట్ అక్కర్లేకుండానే పని జరుగుతుంది, అది అన్నిటికన్నా తేలిక. రెండోది "అధిక నైపుణ్యం గల నిపుణుడు" దారి. ఇందులో వీసా మూడేళ్ల దాకా ఇస్తారు, విదేశీ ఉద్యోగుల సంఖ్య మీద ఉండే కోటా గొడవ లేదు, పన్ను కూడా మొదటి రోజు నుంచే తక్కువ రేటు. కానీ 2024 మార్చి 1 నుంచి దీనికి సాధారణంగా మూడు నెలలకు కనీసం 7,50,000 రూబుళ్ల జీతం ఉండాలి. నెలకు రెండున్నర లక్షల రూబుళ్లు ఇచ్చే ఇంగ్లీషు స్కూళ్లు మాస్కోలో కొన్ని ఉంటాయేమో, చిన్న నగరాల్లో ఆశించకండి. మూడోది మామూలు దారి. సంస్థ విదేశీయులను పెట్టుకునే అనుమతి తీసుకోవాలి, తర్వాత మీకు వర్క్ పర్మిట్, ఆ తర్వాత ఇన్విటేషన్. ఇందులో రష్యన్ భాష, చరిత్ర, చట్టాల మీద చిన్న పరీక్ష పాసైన సర్టిఫికెట్ కూడా అడుగుతారు. ఈ మూడో దారిలో నెలలు గడుస్తాయి, ఓపిక పట్టండి.

ఇన్విటేషన్ కాపీ వచ్చిన రోజు పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం, ఒక్కో అంకె వేలు పెట్టి చూడండి. ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, ఉద్దేశం గడిలో ఉద్యోగం అని ఉందా, వెళ్లే నగరం ఏది, పిలిచే సంస్థ పేరు కాంట్రాక్టులో ఉన్నదేనా. మీరు చూశాక ఇంట్లో ఇంకొకరితో చూపించండి. మన కళ్లకు మన పేరులో తప్పు కనపడదు.

చెన్నై కాన్సులేట్

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ చెన్నైలోని రష్యా కాన్సులేట్ జనరల్ పరిధిలోకి వస్తాయి. రష్యా విదేశాంగ శాఖ వీసా వెబ్‌సైట్‌లో ఫారం నింపి, ప్రింటు తీసి సంతకం పెట్టాలి. 3.5 x 4.5 సెంటీమీటర్ల ఫోటో, పాస్‌పోర్టు, ఇన్విటేషన్, హెచ్‌ఐవీ సర్టిఫికెట్ జతచేయాలి. పాస్‌పోర్టులో రెండు ఖాళీ పేజీలు ఉండాలి. గడువు దగ్గరపడుతుంటే ముందే రెన్యువల్ చేయించండి, ఎందుకంటే పాస్‌పోర్టు నంబరు మారితే ఇన్విటేషన్ పనికిరాదు. మామూలు దారిలో మొదట ఇచ్చేది మూడు నెలల లోపు, ఒక్కసారి ప్రవేశించే వీసా. చూసి దిగులు పడొద్దు, అక్కడికి వెళ్లాక స్కూలు దాన్ని ఏడాదికి పొడిగిస్తుంది.

డబ్బు

మన బ్యాంకులిచ్చే వీసా కార్డులు, మాస్టర్ కార్డులు 2022 మార్చి నుంచి రష్యాలో పనిచేయవు. మొదటి జీతం దాకా గడవాలంటే నగదే గతి. మామూలుగా విదేశాలకు వెళ్లేవాళ్లు 3,000 డాలర్లకు మించి నోట్లు తీసుకెళ్లకూడదు గానీ, రష్యాకు వెళ్లేవాళ్లకు రిజర్వ్ బ్యాంక్ ఆ పరిమితి పెట్టలేదు. నా సలహా రెండు నెలల ఖర్చుకు సరిపడా డాలర్లు. కొత్త నోట్లు, మడతలు, గీతలు లేనివి తీసుకోండి. 10,000 డాలర్లు దాటితే అక్కడి కస్టమ్స్‌లో చెప్పాలి. మనీచేంజర్ రసీదు పడేయకండి.

దిగాక మొదటి ముప్పై రోజులు

విమానాశ్రయంలో పాస్‌పోర్టుతో పాటు మైగ్రేషన్ కార్డు ఇస్తారు. అరచేతిలో పట్టేంత చిన్న చీటీ, రసీదులా ఉంటుంది. అక్కడే నిలబడి ఉద్దేశం గడి చూడండి. అందులో ఉద్యోగం అని రష్యన్‌లో "రబోతా" ఉండాలి, పర్యటన అని ఉంటే అప్పుడే, ఆ కౌంటర్ దగ్గరే అడిగి మార్పించుకోండి. బయటికొచ్చాక మార్పించుకోవడం పెద్ద ప్రయాస. ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకుని, అసలుది ప్లాస్టిక్ కవర్లో పాస్‌పోర్టులోనే ఉంచండి.

ఏడు పనిదినాల్లోపు మీరు ఉండే చిరునామా మీద రిజిస్ట్రేషన్ జరగాలి. చేయించాల్సింది ఇంటి యజమాని లేదా స్కూలు. రెండో రోజు నుంచే అడగడం మొదలుపెట్టండి, మొహమాటపడకండి. ఇల్లు మారితే మళ్లీ చేయించాలి.

2021 డిసెంబర్ చివరి నుంచి వచ్చిన నిబంధన ప్రకారం, పని కోసం వచ్చిన విదేశీయులు 30 రోజుల్లోపు మెడికల్ పరీక్షలు చేయించుకుని, వేలిముద్రలు, ఫోటో ఇవ్వాలి. హెచ్‌ఐవీ, క్షయ, కుష్ఠు, సిఫిలిస్, మాదకద్రవ్యాలు చూస్తారు. మీరు ఇక్కడి నుంచి తెచ్చిన సర్టిఫికెట్ దీనికి సరిపోదు. మాస్కోలో అయితే ఈ పనంతా నగరం నుంచి అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న సఖారొవో కేంద్రంలో జరుగుతుంది. పొద్దున్నే బయల్దేరండి, తినడానికి ఏదైనా పట్టుకెళ్లండి.

సిమ్ కార్డు కూడా 2025 నుంచి విదేశీయులకు అంత తేలిగ్గా రావడం లేదు. స్నిల్స్ అనే సామాజిక బీమా నంబరు, బయోమెట్రిక్ నమోదు అయ్యాకే ఇస్తున్నారు. మొదటి రోజుల్లో ఇంటికి ఫోన్ రాకపోతే కంగారుపడొద్దని అమ్మానాన్నలకు ముందే చెప్పి వెళ్లండి. మాస్కోలోని మన ఎంబసీ దగ్గర మీ చిరునామా, ఫోన్ నంబరు నమోదు చేయించండి. ఇది ఎట్టిపరిస్థితుల్లోనూ మానకండి. యుద్ధం సాగుతున్న దేశం అది, సరిహద్దు ప్రాంతాల్లో, పెద్ద నగరాల్లో కూడా డ్రోన్ల కారణంగా విమానాశ్రయాలు ఉన్నట్టుండి మూసేస్తుంటారు. ఉక్రెయిన్ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ప్రాంతాల్లో ఉద్యోగం వస్తే జీతం ఎంతైనా వద్దనే నేను చెబుతాను.

పొడిగింపు

మొదటి వీసా ముగియడానికి నెలకు పైగా ముందే మల్టిపుల్ ఎంట్రీ వీసాకు కాగితాలు పెట్టమని స్కూలును అడగండి. ఆ కొన్ని వారాలు పాస్‌పోర్టు ఎంవీడీ దగ్గర ఉంటుంది, మీ చేతిలో ఒక రసీదు మాత్రమే ఉంటుంది. అప్పుడు విమాన టికెట్లు కొనకండి.

మీ వీసా ఆ స్కూలుకు, ఆ ప్రాంతానికి మాత్రమే. పిల్లల తల్లిదండ్రులు ఇంటికొచ్చి ట్యూషన్ చెప్పమని ప్రేమగా అడుగుతారు, ఇంట్లో పిరష్కీలు (లోపల కూరో, తీపో పెట్టి చేసే చిన్న రొట్టెలు) చేసి పంపిస్తారు. పిరష్కీలు తినండి, ట్యూషన్ మాత్రం స్కూలు ద్వారానే పెట్టించమని చెప్పండి. ఇంకో స్కూలు మంచి జీతం ఇస్తానంటే, ఉన్నచోట రాజీనామా ఇచ్చేముందు కొత్తవాళ్లు కాగితాలు ఎలా నడిపిస్తారో రాసిమ్మనండి. పాత స్కూలు కాంట్రాక్టు ముగిసిందని మూడు పనిదినాల్లో ఎంవీడీకి తెలియజేస్తుంది, అక్కడి నుంచి మీ వీసాకు ఆధారం పోయినట్టే.